క్రూజ్ డిన్నర్‌కి నాన్న పంచె కట్టుకుంటే పర్లేదా?

అందరికీ నమస్కారం. మేం డాలస్‌లో ఉంటాం, అమ్మానాన్నలు తెనాలి నుంచి వచ్చారు. వచ్చే నెల గాల్వెస్టన్‌లో క్రూజ్ షిప్ ఎక్కుతున్నాం, 7 రాత్రులు, మెక్సికోలోని కొజుమెల్ దీవి వైపు. అందులో 2 ఫార్మల్ నైట్స్ అట. మెయిన్ డైనింగ్ రూమ్‌లో ఆ రోజు షార్ట్స్, చెప్పులు వద్దని రాశారు, సూట్ గానీ కాలర్ షర్ట్ గానీ వేసుకోమన్నారు, పంచె గురించి మాత్రం ఎక్కడా ఒక్క ముక్క లేదు.

మా నాన్న సూట్ వేసుకున్నది ఒక్కసారే, అదీ నా పెళ్లి రిసెప్షన్‌లో, ఆ ఫోటోల్లో ఆయన మొహం చూస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది. జరీ అంచు పంచె, తెల్ల చొక్కా అయితే దర్జాగా ఉంటారు. గుమ్మం దగ్గర ఎవరైనా ఆపితే చిన్నబుచ్చుకుంటారని నా టెన్షన్. బఫేకి పోదాం, అక్కడ ఎవరూ పట్టించుకోరు అంటే అమ్మ ఒప్పుకోవట్లేదు, ఉప్పాడ చీర ఇప్పటికే పెట్టెలో పెట్టేసింది.

ఇంకోటి, గదిలో ఇస్త్రీ పెట్టె వాడనివ్వరట, తీసుకెళ్లినా ఎక్కేటప్పుడే తీసేసుకుంటారు. గంజి పెట్టిన పంచె మడత నలగకుండా ఎలా సర్దాలి? చెప్పులు వద్దన్నారు కదా, పంచె మీదకి బూట్లా, ఖర్మ! షేర్వానీ మీదకి వేసుకునే, ముందు మూసి ఉండే మోజ్రీలు సరిపోతాయా?

పెద్దవాళ్లతో వెళ్లొచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి ప్లీజ్.