తమ్ముడికి ‘లేదు’ అని చెప్పడం ఎలా? తాగే తండ్రి ఇంట్లో పెరిగినవారు చెప్పండి

మాది పర్లాకిమిడి. వయసు 36. చిన్నప్పుడు చీకటి పడితే వీధి మలుపులో నాన్న చెప్పుల చప్పుడు కోసం చెవి ఒగ్గి కూర్చునేదాన్ని. అడుగులు తడబడితే తమ్ముడిని పెరట్లోకి పంపి, డబ్బులు బియ్యం డబ్బాలో దాచేదాన్ని. పొద్దున్నే ఆయన పనిచేసే చోటికి వెళ్లి జ్వరమని అబద్ధం చెప్పిందీ నేనే. అప్పుడు నాకు పదకొండేళ్లు.

నాన్న పోయి ఆరేళ్లయింది. ఇప్పుడు తమ్ముడి అప్పులు తీరుస్తున్నాను, ఈ ఏడాదే మూడుసార్లు. తాగుడు ఊసే లేని మావారు కాసేపు మౌనంగా ఉన్నా నా తప్పేమిటో వెతుక్కుంటాను. ఇంట్లో అందరి ముఖాలూ తేటగా ఉంటే తప్ప నాకు ముద్ద దిగదు. దీన్ని ప్రేమ అనుకున్నాను. భయమని ఈమధ్యే అర్థమైంది.

మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే 14416 టెలీమానస్ ఫోను సాయం ఉందని తెలుసు, ఫోను చేస్తాను. కానీ ఇన్నేళ్ల అలవాటు ఒక్క ఫోనుతో పోదు కదా. తాగేవారి కుటుంబాల కోసం 1951లో అమెరికాలో మొదలైన ఆల్-అనాన్ అనే పరస్పర సహాయ బృందాల గురించి చదివాను. శ్రీకాకుళం, విశాఖ వైపు తెలుగులో అలాంటి సమావేశాలకు వెళ్లినవారున్నారా? పాతపట్నం మీదుగా బస్సులో రాగలను.

ముఖ్యంగా ఒకటి అడగాలి. ‘ఈసారి ఇవ్వలేను’ అని చెప్పిన రాత్రి మీరెలా గడిపారు? అమ్మ ఏడిస్తే ఏమన్నారు?