శ్రీశైలం గేట్లు ఎత్తిన ఏడాది కూడా ఎండాకాలంలో అత్యవసర పంపింగ్ ఎందుకు?

మూసీగట్టు:
ఆగస్టులో శ్రీశైలం, సాగర్ గేట్లు ఎత్తుతారు. ఏప్రిల్ వచ్చేసరికి హైదరాబాద్ కోసం సాగర్ నీళ్లు ఎత్తే పుట్టంగండి దగ్గర అత్యవసర పంపింగ్ అంటారు. అప్పటికీ జలాశయాల రోజువారీ బులెటిన్‌లో సాగర్ నిల్వ 130 టీఎంసీలు (ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు) చూపిస్తుంటుంది. తాగునీటి పథకం మూడు దశలూ కలిపి కృష్ణా నుంచి మన ఊరికి కావాల్సింది ఏడాదికి 16.5 టీఎంసీలే. మరి కొరత ఎక్కడ? బులెటిన్ చూసి ముందే పసిగట్టడం కుదురుతుందా?

ఎత్తిపోతల:
కుదురుతుంది. టీఎంసీల గడి పక్కన పెట్టి ముందు మట్టం చూడండి. సాగర్ పూర్తి మట్టం 590 అడుగులు, నిల్వ 312 టీఎంసీలు (మొదట 408 ఉండేది, మిగతాది పూడిక మింగింది). పుట్టంగండి మోటార్లకు నీళ్లు అందాలంటే మట్టం 510 అడుగులకు తగ్గకూడదు. ఆ మట్టం దగ్గర నిల్వ సుమారు 131. మీకు కనిపిస్తున్న 130 ఇదే. జలాశయంలో నీళ్లుంటాయి, మోటార్ల దాకా రావు. నీటి అంచున వేరే పంపులు దించి ముందు అక్కడిదాకా తోడాలి, ఆపైన మామూలు మోటార్లతో అక్కంపల్లి రిజర్వాయరుకు ఎత్తాలి. ఒకే నీటికి రెండుసార్లు కరెంటు. ఇంకా కింది మట్టం నుంచి తీసుకోవడానికే సుంకిశాల ఇన్‌టేక్ తలపెట్టారు.

లెక్క ఇలా వేయండి. ఆ రోజు నిల్వలోంచి 131 తీసేయండి. 11,574 క్యూసెక్కులు (క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు) 24 గంటలు పారితే ఒక టీఎంసీ. నగరానికి రోజుకు 0.045 టీఎంసీ, అంటే 520 క్యూసెక్కుల చిల్లర. కుడి, ఎడమ కాలువలకు కలిపి 11,500 వదిలారంటే ఒక్క రోజులో పోయేది నగరం 22 రోజులు తాగే నీరు! ఫిబ్రవరి 1న నిల్వ 191 ఉండి, కాలువలు ఆపకుండా అలాగే నడిస్తే, పైనుంచి ఏమీ రాకపోతే, మార్చి నెలాఖరుకే 510కి వచ్చేస్తుంది. వారబందీ (కాలువలకు వంతులవారీగా నీళ్లు వదలడం) పెడితే ఇంకొన్నాళ్లు లాగుతుంది.

ఆవిరి కూడా వేసుకోండి. 200 చదరపు కిలోమీటర్ల నీటి మీద రోజుకు 5 మిల్లీమీటర్లు ఆవిరైతే నెలకు టీఎంసీ పైనే. నగరం కృష్ణా నుంచి నెలకు తీసుకునేది 1.4. పెద్ద తేడా లేదు చూడండి.

ఆయకట్టు చివర:
గేట్ల మీంచి దూకే నీళ్లు దాచుకున్నవి కావు. సాగర్ నిండాక వరద పులిచింతలకు (45.77 టీఎంసీలు), అది నిండితే ప్రకాశం బ్యారేజీకి, అక్కడ పట్టేది మూడే కాబట్టి సముద్రానికి. ఆగస్టు క్యూసెక్కులు చూసి మురిసిపోకుండా అక్టోబరు నెలాఖరు నిల్వ రాసి పెట్టుకోండి. అసలు పెట్టుబడి అదే.

శ్రీశైలాన్నీ కలిపి చూడాలి. 885 అడుగుల దగ్గర 215.8 టీఎంసీలున్నా, 834కి దిగితే 54 దగ్గరే ఆగుతుంది. అక్కడ కరెంటు తీస్తే ఆ నీరు సాగర్‌కు వస్తుంది, కాబట్టి ఇన్‌ఫ్లో గడి సున్నా ఉందా లేదా చూసుకోవాలి. రెండు రాష్ట్రాల్లో ఎవరికెంత అన్నది కృష్ణా బోర్డు త్రిసభ్య కమిటీ తేలుస్తుంది. 2015లో తాత్కాలికంగా పెట్టుకున్న ఏపీకి 512, తెలంగాణకు 299 టీఎంసీల పంపకం మీద గొడవ తెగలేదు. ఇంకో పేచీ: కృష్ణా నీళ్లు పంచిన బచావత్ ట్రిబ్యునల్ అవార్డు ప్రకారం తాగునీటికి మళ్లించినదాంట్లో 20 శాతమే వాడకం కింద లెక్క. అలా చూస్తే 16.5 కాస్తా 3.3 అవుతుంది. మొత్తం రాయాలా, ఐదో వంతా అన్నదే తగువు.

మూసీగట్టు:
గోదావరి నీళ్లతో సర్దలేరా? ఎల్లంపల్లి నుంచి 172 ఎంజీడీలు (రోజుకు మిలియన్ గ్యాలన్లు) వస్తున్నాయి కదా.

ఎత్తిపోతల:
కొంతవరకే. కృష్ణా 270 ఎంజీడీలు. గోదావరి ఉత్తరాన ఘన్‌పూర్ వైపు నుంచి దిగుతుంది, కృష్ణా సాహెబ్‌నగర్ వైపు నుంచి. అటు నీళ్లున్నా ఇటు అంత తేవడానికి పైపులు చాలవు.

ఇంకోటి, బులెటిన్‌లో ఎస్‌ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) గడిలో పెద్ద అంకె కనిపిస్తే అదంతా నగరం తాగేస్తోందనుకోకండి. నల్గొండ సాగునీరు కూడా అదే పుట్టంగండిలో ఎత్తుతారు.