వేల్స్ కొండల గొర్రెలపై ఆంక్షలు 26 ఏళ్లు ఎందుకు సాగాయి?

ప్రశ్న:
నేను మృత్తికాశాస్త్రం చదువుతున్నాను. 1986 ఏప్రిల్‌లో చెర్నోబిల్ ప్రమాదం జరిగాక వానతో పాటు సీజియం-137 అనే రేడియోధార్మిక పదార్థం బ్రిటన్ కొండల మీద పడిందనీ, ఆ జూన్‌లో ఉత్తర వేల్స్, కంబ్రియా ప్రాంతాల గొర్రెల తరలింపుపైనా వధపైనా మూడు వారాల నిషేధం విధించారనీ చదివాను. ఆ మూడు వారాలు కాస్తా 2012 దాకా సాగాయి. సీజియం అర్ధాయువు (అది సగానికి తగ్గేందుకు పట్టే కాలం) 30 ఏళ్లు కదా అని సరిపెట్టుకుందామంటే, పల్లపు పచ్చిక బయళ్లలో ఈ చిక్కు అంతకాలం లేదు. తేడా నేలలోనే ఉందంటారు. అదేమిటో వివరించగలరా?

జవాబు 1:
నేలలో సీజియం ఎంత మిగిలిందో అర్ధాయువు చెబుతుంది గానీ, అందులో గడ్డికి ఎంత అందుతుందో చెప్పదు. ఇల్లైట్ అనే బంకమన్ను ఖనిజంలో పొరల అంచులు కొద్దిగా విచ్చుకొని ఉంటాయి. సీజియం అయాన్ (విద్యుదావేశం ఉన్న కణం) తన చుట్టూ ఉన్న నీటి అణువులను వదులుకొని ఆ సందుల్లోకి దూరి ఇరుక్కుపోతుంది; ఒకసారి ఇరుక్కున్నది తేలికగా బయటికి రాదు. పల్లపు నేలల్లో జరిగింది ఇదే.

కొండల మీద ఉన్నది పీట్ నేల. మొక్కల అవశేషాలు సగం కుళ్లి పేరుకున్న ఆ ఆమ్ల నేలలో బంకమన్ను బహు తక్కువ. సేంద్రియ పదార్థం కూడా సీజియాన్ని పట్టుకుంటుంది, కానీ వదులుగా. అమ్మోనియం అయాన్లు దానిని సులువుగా పక్కకు నెట్టేస్తాయి. పైగా అక్కడ పొటాషియం కొరత. సీజియం రసాయనికంగా పొటాషియానికి దగ్గరి చుట్టం కనుక, ఆకలిగా ఉన్న వేరు రెండింటినీ ఒకే దారిన లోపలికి తీసుకుంటుంది. గడ్డి ఎండి నేలలో కలిసినప్పుడు అదే సీజియం మరుసటి ఏటి చిగురుకు మళ్లీ అందుతుంది. మూడు వారాల అంచనా బంకమన్ను నేలల అనుభవం మీద వేసినది. లెక్క ఆ నేలకు సరైనదే, కొండ నేలే వేరు.

జవాబు 2:
పై వివరణకు జపాన్‌లో ఆచరణ రూపం కనిపిస్తుంది. 2011 నాటి అణు విద్యుత్ కేంద్ర ప్రమాదం తరువాత ఫుకుషిమా వరి రైతులు, వేరు సీజియాన్ని తక్కువగా తీసుకునేందుకు, 100 గ్రాముల మట్టిలో మొక్కకు అందే పొటాష్ (ఎరువుల లెక్కలో పొటాషియం) కనీసం 25 మిల్లీగ్రాములు ఉండేలా ఎరువు వేశారు. అయితే పొటాషియం ఇప్పటికే సమృద్ధిగా ఉన్న నేలలో ఇంకా వేసినా పెద్దగా ఫలితం ఉండదు. అణు ప్రమాదాల్లో వెలువడే మరో రేడియోధార్మిక పదార్థం స్ట్రాన్షియం-90 కథ వేరు: అది కాల్షియాన్ని అనుకరిస్తుంది, బంకమన్నులో అలా బిగుసుకోదు, పాలలోకీ ఎముకల్లోకీ చేరుతుంది. కాల్షియం తక్కువైన ఆమ్ల నేలకు సున్నం వేయడం దానికి విరుగుడు.

జవాబు 3:
గొర్రె వైపు నుంచి కూడా చూడాలి. ఎముకలో స్థిరపడే స్ట్రాన్షియంలా కాక సీజియం కండరంలో చేరుతుంది, కొన్ని వారాలలో చాలా వరకు విసర్జితమవుతుంది. అందుకే కొండ మంద మాంసంలో రేడియోధార్మికత కిలోకు 1,000 బెకరెళ్లు (దానిని కొలిచే ప్రమాణం) మించితే, వాటిని పల్లపు పచ్చికలో మేపి మళ్లీ కొలిచేవారు. గొర్రె అంత త్వరగా శుభ్రపడేది, కొండ మాత్రం కాదు. ఈ చర్చలో తరచుగా మరుగునపడే విషయం ఇదని నా అభిప్రాయం.

అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. మరి బంకమన్ను దండిగా ఉన్న మన నల్లరేగడిలో సీజియం గట్టిగా బిగుసుకుంటుందా?

జవాబు 1:
బంక ఎంత ఉందన్నదొక్కటే చాలదు, ఏ బంక అన్నది కూడా చూడాలి. రేగడిలో ప్రధానమైన బంకమన్ను ఖనిజం స్మెక్టైట్. దాని పొరలు నీటికి ఉబ్బుతాయి. ఇల్లైట్ అంచుల్లా అవి సీజియాన్ని ఎంచి పట్టి ఉంచవు. అందులో ఇల్లైట్ కాస్త కలిసి ఉన్నా పట్టు చాలా పెరుగుతుంది. యురేనియానికి ఈ సూత్రాలేవీ వర్తించవు. గాలి తగిలే క్షార నేలల్లో అది కార్బొనేట్‌తో కలిసి కరిగి కదులుతుంది. కడప జిల్లా తుమ్మలపల్లిలో డోలమైట్ అనే సున్నపురాయి లాంటి శిలలోని ఖనిజం నుంచి యురేనియాన్ని ఆమ్లంతో కాక క్షార ద్రావణంతో తీయడంలోనూ ఈ గుణమే ఉపయోగపడుతోంది. ఆ శిలకు ఆమ్లం పోస్తే యురేనియం కరిగే లోపే శిలే ఆమ్లాన్ని తాగేస్తుంది.