ఎఫ్-53 మోటార్‌హోమ్ ఊగుడు: ముందు దేనికి డబ్బు పెట్టాలి?

ప్లానో_ప్రయాణికుడు:
అందరికీ నమస్కారం. మాది ఫోర్డ్ ఎఫ్-53 ఛాసిస్ (అడుగు చట్రం) మీద కట్టిన 2017 పెట్రోలు మోటార్‌హోమ్, అంటే వంటగదితో సహా ఇల్లులాంటి బండి. వీ10 ఇంజను, పొడవు 33 అడుగులు, ముందు వెనుక ఇరుసుల మధ్య దూరం 208 అంగుళాలు. అమరిల్లో దాటాక ఐ-40 మీద లారీ పక్కనుంచి దూసుకుపోయిన ప్రతిసారీ బండి అటు జరిగి, వెంటనే ఇటు లాగుతోంది. బంకులోకి తిరిగితే వంటగది అల్మారాలు తెరుచుకుంటున్నాయి. ఒక షాపులో చూపించాను. వెనుక ట్రాక్ బార్ (ఇరుసు మీద బాడీ పక్కకు జరగకుండా పట్టే కడ్డీ), లావుపాటి స్వే బార్లు (బండి ఒరగకుండా ఆపే కడ్డీలు), కొత్త షాక్‌లు (కుదుపులు తగ్గించేవి), స్టీరింగ్ స్టెబిలైజర్ (స్టీరింగ్ అదురును ఆపేది), అన్నీ కలిపి ఐదువేల డాలర్లు దాటుతుందన్నారు. టైర్లలో గాలి 95 పీఎస్ఐ ఉంది, డ్రైవరు సీటు దగ్గర అంటించిన పట్టీలో 82 అని రాసి ఉంది. జూన్‌లో అమ్మానాన్న నెల్లూరు నుంచి వస్తున్నారు, ఎల్లోస్టోన్ తీసుకెళ్లాలి. ఏది ముందు చేయించాలి?

వీ10_అభిమాని:
ప్లానో గారూ, ఇప్పుడే ఒక్క డాలరు కూడా ఇవ్వకండి. మొదట నీళ్లు, పెట్రోలు, సామాను నింపుకుని, మనుషులతో సహా ట్రక్ స్టాపులోని క్యాట్ స్కేల్ (లారీలను తూచే కాటా) మీద బండిని తూకం వేయించండి. ఏ ఇరుసు మీద ఎంత బరువుందో తెలియకుండా ఎవరు ఏ సలహా ఇచ్చినా గాలిలో మాటే. మీ బండికి వెనుక ఇరుసు దాటి బాడీ చాలా పొడవుంది. 33 అడుగుల్లో 208 అంగుళాలంటే యాభై రెండున్నర శాతం. 54, 55 ఉంటే బండి నిలకడగా నడుస్తుందని అనుభవజ్ఞుల లెక్క. వెనుక ఇరుసుకు 10 అడుగుల వెనుక 500 పౌండ్లు పెట్టారనుకోండి, ముందు ఇరుసు మీద నుంచి దాదాపు 290 పౌండ్లు లేచిపోతాయి. ముందు చక్రాలు తేలికైతే స్టీరింగ్ మాట వినదు.

రెండోది, స్వే బార్ లింకులను (బార్ కొనను పట్టుకునే చిన్న కడ్డీలను) లోపలి రంధ్రంలోకి మార్చండి. ఎఫ్-53 స్వే బార్ చేతికి రెండు రంధ్రాలుంటాయి. కంపెనీ బయటి దానిలో బిగిస్తుంది. లోపలికి మారిస్తే చేయి పొట్టిదవుతుంది, బార్ బిగువు పెరుగుతుంది. చేయి పొడవు ఐదో వంతు తగ్గితే బిగువు ఒకటిన్నర రెట్లు అవుతుంది. దీనికి కావలసింది రెండు పానాలు, ఒక మధ్యాహ్నం. పైసా ఖర్చు లేదు.

డీజిల్_దారి:
అమ్మేసి వెనుక ఇంజనున్న డీజిల్ బండి కొనండి. ఎయిర్ సస్పెన్షన్ ముందు ఇవన్నీ దండగ.

స్ప్రింగు_శాస్త్రి:
అభిమాని గారూ, స్వే బార్ బండి ఒరగకుండా ఆపుతుంది. లారీ గాలికి వచ్చేది ఒరగడం ఒక్కటే కాదు, పక్కకు జరగడం కూడా. కమాన్ పట్టీలు (లీఫ్ స్ప్రింగులు) పైకీ కిందకీ వంగడానికి చేసినవి. పక్క నుంచి నెడితే అవి, వాటి రబ్బరు బుష్‌లు కూడా కొంత మెలి తిరుగుతాయి, వెనుక ఇరుసు మీద బాడీ మొత్తం జరుగుతుంది. డ్రైవరు తోక ఊగుతోందంటాడే, అది ఇదే. దానికి మందు ట్రాక్ బార్. ఒక కొన ఫ్రేముకు, మరో కొన ఇరుసుకు బిగిస్తే ఆ కదలిక కట్టుబడుతుంది. మీ రంధ్రం మార్పు ఈ పని చేయదు. ఇంకొక మాట: టైరు గాలి పట్టీ మీద ఉన్న దానికన్నా ఎప్పుడూ తగ్గించకూడదు.

వీ10_అభిమాని:
నేను తగ్గించమని ఎక్కడ రాశాను? అయినా అడిగారు కాబట్టి చెబుతున్నాను. పట్టీ మీద అంకె ఇరుసు మోయగల పూర్తి బరువుకు లెక్కగట్టింది. బండి అంత బరువు లేకపోతే టైరు కంపెనీ ఇచ్చే పట్టిక చూసి, ఎక్కువ బరువున్న పక్కను లెక్కలోకి తీసుకుని, కాస్త అదనం కలిపి గాలి పెట్టుకోవచ్చు. టైరు రాయిలా ఉంటే నేలను ఆనే భాగం తగ్గుతుంది, బండి దారి తప్పుతుంది, ఎముకలు కదులుతాయి.

స్ప్రింగు_శాస్త్రి:
ఈ మాట విని గాలి తగ్గించాక ఆరిజోనా ఎండలో నా ముందు టైరు పేలింది. బండిలో పిల్లలున్నారు. పట్టికల గురించి నాకు చెప్పకండి.

వీ10_అభిమాని:
ఆ టైరు పక్కన డాట్ (అమెరికా రవాణా శాఖ) సంఖ్య చివరి నాలుగు అంకెలు ఏమిటి? తయారైన వారం, సంవత్సరం అక్కడే ఉంటాయి. టైరు ముసలిదైతే గాడుల లోతు ఎంత మిగిలినా పేలవచ్చు.

స్ప్రింగు_శాస్త్రి:
పేలిన టైరును మ్యూజియంలో పెట్టలేదు. మీకు నా పిల్లల కన్నా మీ పట్టికే ముఖ్యమైపోయింది.

అట్లాంటా_ఆనంద్:
ఆయన టైర్లలో పట్టీ కన్నా 13 ఎక్కువే ఉంది. తగ్గించి 82కు తెచ్చినా మీ ఇద్దరికీ సమ్మతమే కదా. ఎందుకీ గొడవ?

కాన్సస్_కోడలు:
నేనొక మాట చెప్పాలి. మా ఆయన కూడా ఆ రంధ్రం మార్చారు. మలుపుల్లో ఒరగడం తగ్గింది, ఆయన చేతులకు హాయిగా ఉంది, నిజమే. కానీ మా అత్తగారు పక్కకు తిరిగి ఉన్న సోఫాలో కూర్చుంటారు. ఒక చక్రం గుంతలో పడితే అంతకుముందు కన్నా ఎక్కువగా తల అటూ ఇటూ విసిరేస్తోందని ఆమె అంటున్నారు. ఆమెకు మెడనొప్పి ఉంది.

వీ10_అభిమాని:
అమ్మా, అది అసాధ్యం. రెండు చక్రాలూ కలిసి లేచినప్పుడు స్వే బార్ ఏమీ చేయదు, ఉత్తగా తిరుగుతుంది. ప్రయాణ సుఖాన్ని అది చెడగొట్టదు.

కాన్సస్_కోడలు:
రోడ్డు మీద రెండు చక్రాలూ ఎప్పుడూ కలిసే లేస్తాయా? పార్కింగ్ లోకి దిగే వాలు, పక్కకు కుంగిన అంచు, ఒకవైపే ఉన్న గుంత, ఇవన్నీ ఒక చక్రానికే తగులుతాయి. అప్పుడు బిగువైన బార్ ఆ కుదుపును అవతలి పక్కకు కూడా మోస్తుంది. మీరిద్దరూ స్టీరింగ్ పట్టుకునేవారు. ఇప్పటిదాకా ఒక్కరు కూడా వెనుక కూర్చున్నవారిని అడగలేదు.

స్ప్రింగు_శాస్త్రి:
ఆవిడ అన్నది అక్షరాలా నిజం. అందుకే నిపుణుల చేత చేయించుకోమంటున్నాను. ఉచితం, ఉచితం అని జనాన్ని కిందకు దూర్చి బోల్టులు విప్పిస్తున్నారు.

వీ10_అభిమాని:
శాస్త్రి గారూ, నేను ఈ దేశం వచ్చిన కొత్తలో, నా పాత బండి అలైన్‌మెంట్ కూడా చూడకుండా ఒక షాపు నాకు వరసగా సామాను అమ్మింది. స్టెబిలైజర్ బిగించారు, ఊగుడు తగ్గలేదు. షాక్‌లు మార్చారు, తగ్గలేదు. చివరికి వేరొకచోట కాస్టర్ కోణం (ముందు చక్రం తిరిగే అక్షం వెనక్కి వాలే కోణం) సరిచేస్తే స్టీరింగ్ దానంతట అదే మధ్యకు రావడం మొదలైంది. ఆ డబ్బు ఇంటికి పంపాల్సింది. అందుకే ఎవరైనా ఐదువేలు అంటే నాకు ఒళ్లు మండుతుంది. సుఖం గురించి నేను ఆలోచించలేదని ఎవరూ అనకండి. ముందు బండి దారిలో నిలవాలి, మెత్తదనం తర్వాత.

కాన్సస్_కోడలు:
మీకు ఆ వరస సరైనది కావచ్చు. అరవై దాటినవారిని రోజుకు ఆరు గంటలు కూర్చోబెట్టే ఇంట్లో ఆ రెండూ ఒకేసారి కావాలి. మేము 82కు గాలి తగ్గించి, షాక్‌లు మార్చాక అత్తగారి ఫిర్యాదు సగం తగ్గింది. స్వే బార్ అలాగే ఉంచాం, ఎందుకంటే గాలిలో ఆయన నడపలేకపోతే అదీ ఆమెకే ప్రమాదం. ఏది ఎవరి కోసమో మాట్లాడుకునే చేశాం.

డీజిల్_దారి:
ఫోర్డ్ కూడా 2020 ఛాసిస్‌లో 7.3 లీటర్ల వీ8 తో పాటు సస్పెన్షన్‌నూ మార్చింది. అంతకుముందు బాగుంటే ఎందుకు మారుస్తారు?

ప్లానో_ప్రయాణికుడు:
తూకం అయింది. ముందు ఇరుసు మీద 6,180 పౌండ్లు, వెనుక 12,640. వెనుక అరలో జనరేటరు కేబుళ్లు, పనిముట్ల పెట్టె, ఇంకా వాడని టైల్స్ ఉన్నాయి, తీసేస్తున్నాను. టైర్లు 82కు తెచ్చాను. వచ్చేవారం అలైన్‌మెంట్, కాస్టర్ కొలతల కాగితం ఇమ్మని అడిగాను. ఆ తర్వాత కూడా లారీ గాలికి తోక ఊగితే వెనుక ట్రాక్ బార్ ఒక్కటే వేయిస్తాను. స్వే బార్ రంధ్రం మాత్రం అమ్మ సోఫాలో కూర్చుని ఒకసారి తిరిగొచ్చాకే తేలుస్తాను.

స్ప్రింగు_శాస్త్రి:
ట్రాక్ బార్ కన్నా ముందు రబ్బరు బుష్‌లు చూపించండి. 82 కన్నా కిందకు మాత్రం వద్దు.

వీ10_అభిమాని:
క్యాట్ స్కేల్ ఇరుసు బరువే చెబుతుంది, ఎడమ కుడి విడిగా చెప్పదు. నాలుగు మూలలా తూచేచోటు దొరికితే తూయించి ఆ చీటీ ఇక్కడ పెట్టండి. 82 ఎక్కువో తక్కువో అప్పుడు చూద్దాం.