స్లొవేనియాలో ఉన్నవారు కాస్త చెప్పగలరా?

మా చెల్లికి లుబ్లియానాలో ఫార్మసీ పీహెచ్‌డీ సీటు వచ్చింది. ఇంట్లోవాళ్లేమో "పాత కమ్యూనిస్టు దేశం, అక్కడేముంటుంది?" అంటున్నారు. కొందరైతే స్లొవేకియా అనుకుంటున్నారు. నాకిది అన్యాయంగా తోస్తోంది. 1991లో యుగోస్లావియా నుంచి విడిపోయి, 2004లో ఐరోపా సమాఖ్యలో, 2007లో యూరో ప్రాంతంలో చేరిన దేశమది. మాజీ సోషలిస్టు దేశాల్లో యూరో ప్రాంతంలోకి వెళ్లిన మొదటిది అదే. జనాభా సుమారు 21 లక్షలే అయినా నోవో మెస్తోలో క్రకా మందుల కంపెనీ ఉంది, ఆస్ట్రియా సరుకు సైతం దిగే కోపర్ రేవు ఉంది.

అయితే 2013లో ప్రభుత్వమే డబ్బు పోసి బ్యాంకులను నిలబెట్టాల్సి వచ్చిందన్న విషయం నన్ను కలవరపెడుతోంది. ఆ దెబ్బ నుంచి ఉద్యోగాలు నిజంగా తేరుకున్నాయా? స్లొవేనియన్ రాకుండా మందుల కంపెనీల్లో పని దొరుకుతుందా? లుబ్లియానా అద్దెలకు పరిశోధకుల జీతం సరిపోతుందా? దయచేసి ఉన్నది ఉన్నట్టు చెప్పండి.