ఒక మ్యాచ్ గెలుస్తాం, ఇంకోటి చిత్తుగా ఓడతాం: మా కాలేజీ ఫుట్‌బాల్ జట్టుకి ఏమైంది?

ఎడమకాలు_వింగర్

అందరికీ నమస్తే. తిరుపతిలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను, కాలేజీ జట్టులో లెఫ్ట్ వింగ్ ఆడతాను. ఈ సీజన్‌లో మా ఆట మాకే అంతుపట్టడం లేదు. మొదటి మ్యాచ్ 4-0తో గెలిచాం. రెండోది 1-5తో పోయింది. ఆ తర్వాత అందరూ గట్టి టీమ్ అనుకున్న ఇంజినీరింగ్ కాలేజీని 2-1తో ఓడించాం. సరే, దారిలో పడ్డాం అనుకునేలోపే కొత్తగా జట్టు కట్టిన కాలేజీ చేతిలో 0-3. ఆడేది అదే పదకొండు మంది, ఫార్మేషన్ కూడా అదే 4-4-2. ఓడిన మ్యాచ్‌ల్లో ఫస్టాఫ్ బాగానే నెట్టుకొస్తాం, చివరి అరగంటలో గోల్స్ పడిపోతాయి. ఇంటర్ కాలేజియేట్ దగ్గరపడింది. అక్కడి ఆటను చూసే యూనివర్సిటీ జట్టుకి తీసుకుంటారు కాబట్టి అందరికీ టెన్షన్‌గా ఉంది. ఇలాంటి సీజన్ చూసినవాళ్ళు చెప్పండి.

పాత_కీపర్

తమ్ముడూ, గెలిచిన మ్యాచ్‌లు ఎక్కడ ఆడారు, ఓడినవి ఎక్కడ?

ఎడమకాలు_వింగర్

గెలిచిన రెండూ మా కాలేజీ గ్రౌండ్‌లోనే అన్నా. చిన్న గ్రౌండ్, ఒక పక్క బాస్కెట్‌బాల్ కోర్టుకి పోయింది. ఓడిన రెండూ ఫుల్ సైజు గ్రౌండ్‌లో. మీరు అడిగేదాకా ఇలా విడదీసి చూడలేదు.

పాత_కీపర్

ఇంకోటి చెప్పు. ప్రాక్టీస్ ఎక్కడ చేస్తారు? సాయంత్రం టర్ఫ్ (కృత్రిమ గడ్డి కోర్టు) అద్దెకు తీసుకుని ఫైవ్స్, అంటే జట్టుకి ఐదుగురి ఆట ఆడతారా?

ఎడమకాలు_వింగర్

అవునన్నా. తలా కొంత వేసుకుని ఎక్కువగా టర్ఫ్‌లోనే. కాలేజీ గ్రౌండ్‌లో లైట్లు లేవు.

పాత_కీపర్

అయితే నా అనుభవం విను. మా బ్యాచ్‌కీ ఇదే జరిగింది. టర్ఫ్ వల్ల కాలికి బంతి బాగా అతుక్కుంటుంది, చిన్న పాస్‌లు చురుగ్గా పడతాయి, ఆ మేలు కాదనను. కానీ అక్కడ ఆఫ్‌సైడ్ ఉండదు, అంటే పాస్ ఇచ్చేటప్పటికే డిఫెండర్లను దాటి నిలబడ్డ ఫార్వర్డ్‌ని తప్పు పట్టే రూల్ ఉండదు. మీ స్టాపర్లు, అంటే మధ్యలో ఆడే డిఫెండర్లిద్దరూ వారమంతా ఆఫ్‌సైడ్ లేని ఆట ఆడి, మ్యాచ్ రోజు ఒకే వరసలో కదులుతూ లైన్ పట్టమంటే ఎలా పడతారు? ఒకడు ముందుకొస్తాడు, ఒకడు వెనకే ఉంటాడు, వాళ్ళ ఫార్వర్డ్ మధ్యలోంచి దూరిపోతాడు. ఓడిన మ్యాచ్‌ల్లో గోల్స్ ఎలా పడ్డాయో గుర్తు చేసుకో. చాలావరకు ఇలాంటివే అయ్యుంటాయి.

రెండోది దూరం. రూల్స్ ప్రకారం ఫుల్ గ్రౌండ్ పొడవు 90 నుంచి 120 మీటర్లు. ఫైవ్స్ కోర్టు దానిలో సగం కూడా ఉండదు. నువ్వు వింగర్‌వి, టర్ఫ్‌లో పది పదిహేను మీటర్లు పరిగెత్తి ఆగుతావు. పెద్ద గ్రౌండ్‌లో బంతి పోయిందంటే యాభై మీటర్లు వెనక్కి రావాలి. 45 నిమిషాలు కుర్ర వయసు లాక్కొస్తుంది. ఆ తర్వాత నువ్వు రావు. పాపం, మీ లెఫ్ట్ బ్యాక్ ఒక్కడే ఇద్దరికి ఎదురు నిలబడతాడు.

రేణిగుంట_లోకల్

గ్రౌండ్ ఒక్కటే కారణమంటే నేను ఒప్పుకోను. మా జట్టులో సగం మంది డే స్కాలర్స్. పుత్తూరు, శ్రీకాళహస్తి నుంచి వచ్చేవాళ్ళు బస్సు కోసం ఐదింటికే వెళ్ళిపోతారు. పదకొండు మంది కలిసి ప్రాక్టీస్ చేసేది మ్యాచ్ రోజే. దానికి తోడు ఓడీ (ఆన్ డ్యూటీ హాజరు) గొడవ. మ్యాచ్‌కి వెళ్తే అటెండెన్స్ ఇస్తామంటారు, సెమిస్టర్ చివర్లో చూస్తే ఉండదు. ఇంట్లో తిట్లు తిని ఎవడు వస్తాడు? మిడ్ ఎగ్జామ్స్ వారంలో మా మిడ్‌ఫీల్డ్ మొత్తం ఖాళీ.

అలిపిరి_స్టాపర్

రేణిగుంట బ్రో చెప్పింది నిజమే, కానీ ఈ తమ్ముడి జట్టులో ఆడేది అదే పదకొండు మంది అన్నాడు కదా. ఇంతకీ సబ్‌స్టిట్యూట్లను వాడుకుంటున్నారా? 2022 నుంచి రూల్స్‌లోనే ఐదుగురిని మార్చుకునే వీలుంది, టోర్నమెంట్ వాళ్ళు ఒప్పుకోవాలి అంతే. మా దగ్గర ఓడిపోతుంటే భయంతో ఎవరినీ మార్చేవాళ్ళు కాదు. అలిసిపోయిన సీనియర్ కంటే తాజాగా ఉన్న జూనియర్ మేలు. ఇది నేను గట్టిగా నమ్ముతాను.

వర్షం సంగతి కూడా చూసుకోండి. మనకు ఈశాన్య రుతుపవనాలే అసలు వానలు, అక్టోబర్, నవంబర్‌లలో గ్రౌండ్ బురదైపోతుంది. టర్ఫ్ షూస్‌తో దిగితే జారడమే. స్టడ్స్ తప్పనిసరి.

ఎనిమిదో_నంబర్

అమ్మాయిల జట్టు తరఫున ఒక మాట. మాకు సమస్య గాయాలతో వచ్చింది. మొదటి మ్యాచ్‌ల్లో బాగా ఆడినవాళ్ళే తొడ వెనక కండరం పట్టేసి కూర్చునేవాళ్ళు, అందుకే ప్రతి మ్యాచ్‌కీ జట్టు మారిపోయేది. మా మేడమ్ ఫిఫా 11 ప్లస్ అనే వార్మప్ మొదలుపెట్టించారు. దాదాపు 20 నిమిషాలు పడుతుంది, వారానికి కనీసం రెండుసార్లు చేయాలి. మోకాళ్ళ మీద కూర్చుని, వెనక ఒకరు కాళ్ళు పట్టుకుంటే మెల్లగా ముందుకు వాలే వ్యాయామం ఒకటి ఉంటుంది, మొదట్లో ఏడిపిస్తుంది. కానీ ఆ తర్వాత కండరాలు పట్టేయడం బాగా తగ్గింది. గ్రౌండ్ చుట్టూ రెండు రౌండ్లు కొట్టి వార్మప్ అయిపోయింది అనుకోవడం మానేయండి, దయచేసి.

మ్యాచ్ మూడింటికి ఉంటే హాస్టల్‌లో రెండింటికి అన్నం, సాంబారు నిండా తిని రావద్దు. పన్నెండు లోపే తినేయండి. మేం మెస్ వాళ్ళను బతిమాలి ఆ రోజుల్లో ముందే వడ్డించుకున్నాం.

చిత్తూరు_పీడీ

ఫిజికల్ డైరెక్టర్‌గా పనిచేస్తున్నాను. కీపర్ గారు చెప్పింది నూటికి నూరుపాళ్ళు కరెక్ట్. మన పిల్లలు అనంతపురం వాళ్ళతో ఆడినప్పుడు తేడా కళ్ళకు కడుతుంది. అక్కడ ఆర్డీటీ అనే స్వచ్ఛంద సంస్థ పుణ్యమా అని పల్లెటూరి పిల్లలు కూడా చిన్నప్పటి నుంచి ఫుల్ గ్రౌండ్‌లో ఆడతారు. 70వ నిమిషంలో కూడా వాళ్ళ లైన్ చెదరదు. మన పిల్లల్లో నైపుణ్యం తక్కువేం లేదు, వాళ్ళకు పెద్ద గ్రౌండ్ అలవాటు చేయలేదు, అంతే. అది పెద్దవాళ్ళం మేం చేయాల్సిన పని, నాకు బాధగా ఉండేది అక్కడే.

బాబూ, నీకు ఒక సలహా. టర్ఫ్ పూర్తిగా మానొద్దు. వారంలో రెండు పూటలైనా పెద్ద గ్రౌండ్‌లో పొద్దున్నే ఆరింటికి దిగండి. ఆ టైమ్‌కి డే స్కాలర్స్ అందరూ రాలేకపోయినా, వెనక నలుగురు, కీపర్ మాత్రం కచ్చితంగా ఉండాలి. ఆ ఐదుగురు కలిసి లైన్ పట్టడం నేర్చుకుంటే సగం గోల్స్ ఆగుతాయి. ఓడీ విషయం మీ పీడీ గారితో సీజన్ ముందే ప్రిన్సిపాల్ సంతకంతో రాయించుకోండి. నోటిమాట నమ్మొద్దు.

యూనివర్సిటీ జట్టు సౌత్ జోన్ అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో మొదటి నాలుగు స్థానాల్లో వస్తేనే ఆలిండియా పోటీలకు వెళ్ళేది. సెలెక్టర్లు 90 నిమిషాలూ నిలిచే పిల్లల్ని చూస్తారు.

ఎడమకాలు_వింగర్

అందరికీ చాలా థాంక్స్. కీపర్ అన్నా, మా కెప్టెన్‌తో కూర్చుని లెక్క చూశాం. ఓడిన రెండు మ్యాచ్‌ల్లో పడిన ఎనిమిది గోల్స్‌లో ఐదు మీరు చెప్పినట్టే స్టాపర్ల మధ్యలోంచే. పీడీ సార్ చెప్పినట్టు పొద్దున ప్రాక్టీస్ గురించి మా సార్‌ని అడిగాం, పెద్ద గ్రౌండ్‌కి పర్మిషన్ లెటర్ రాస్తానన్నారు. ఎనిమిదో నంబర్ గారూ, ఆ వార్మప్ మొత్తం వ్యాయామాలు వరుసగా రాసి పెట్టగలరా? సోమవారం నుంచి మొదలుపెడతాం.

ఎనిమిదో_నంబర్

రాత్రికి రాసి పెడతాను. మొదటి వారం తొడలు నొప్పులు పుడతాయి, అందుకని మ్యాచ్‌కి ముందు రోజు మాత్రం మొదలుపెట్టకండి.