సిరోసిస్ రోగికి జింక్ మాత్ర: లోటు తీర్చడమా, రిపోర్టులోని అంకెకు వైద్యం చేయడమా?

పెద్దకూతురు:
మా నాన్నగారికి 63 ఏళ్లు. మద్యం ముట్టని మనిషి. మధుమేహం, కాలేయంలో కొవ్వు కలిసి సిరోసిస్ (కాలేయం మచ్చలు పడి గట్టిపడటం) దాకా తెచ్చాయి. పొట్టలో నీరు చేరడంతో మూత్రం వచ్చే మాత్రలు వాడుతున్నారు. పోయిన వారం పరీక్షలో 100 మిల్లీలీటర్ల రక్తానికి జింక్ 52 మైక్రోగ్రాములే ఉంది. కనీసం 70 ఉండాలని రిపోర్టులో రాసి ఉంది. ఒక డాక్టరు గారు రోజుకు 50 మిల్లీగ్రాముల జింక్ రాశారు. రెండో ఆయన "ఈ పరీక్ష ఎవరు చేయించమన్నారు?" అని కాగితం పక్కన పడేశారు. నాన్న పప్పన్నం నోట్లో పెట్టుకుని రుచి లేదంటారు. ఉప్పు తగ్గించి వండుతున్నది నేనే కాబట్టి తప్పు జింక్‌దో నాదో తెలియడం లేదు. మాత్ర వేసుకుంటే వికారమని ఆ రెండు ముద్దలూ మానేస్తున్నారు. ఏం చేయమంటారు?

నీలిమూత:
ఇరవై ఏళ్లుగా ల్యాబులో ఉన్నాను. ఆ అంకెను చూసి కంగారుపడకండి. ఒంట్లో ఉండే రెండు మూడు గ్రాముల జింక్‌లో చాలా భాగం కండరాల్లో, ఎముకల్లో ఉంటుంది. ప్లాస్మాలో, అంటే రక్తంలోని ద్రవంలో, తిరిగేది సుమారు వెయ్యో వంతే. అందులోనూ ఎక్కువ పాలు అల్బుమిన్ అనే ప్రోటీన్ భుజమెక్కి తిరుగుతుంది. అల్బుమిన్‌ను తయారు చేసేది కాలేయమే. మోసేవాళ్లు తగ్గితే బజారులో సరుకు తక్కువగానే కనిపిస్తుంది, గోదాములో ఎంత ఉందో తెలియదు. మీ నాన్నగారి అల్బుమిన్ ఎంత?
ఇంకో మాట. ఈ పరీక్షకు ముదురు నీలం మూత ఉన్న గొట్టం వాడాలి. మామూలు గొట్టాల రబ్బరు మూతలోంచి జింక్ రక్తంలోకి దిగవచ్చు. మొన్న ఒక కలెక్షన్ సెంటరు నుంచి ఎర్రమూత గొట్టం వచ్చింది. ఎర్రకణాలు చితికి సీరం గులాబీ రంగుకు తిరిగి ఉంది. వెనక్కి పంపితే, "మిగతా పరీక్షలకు లేని పట్టింపు దీనికెందుకండీ" అని ఫోను!

పెద్దకూతురు:
అల్బుమిన్ 2.6, తక్కువే. మూత రంగు చూడలేదు.

వార్డుడ్యూటీ:
నీలిమూత గారూ, మీ వాదన మీకే ఎదురు తిరుగుతోంది. రబ్బరు మూతా, చితికిన ఎర్రకణాలూ జింక్‌ను పెంచి చూపిస్తాయే కానీ తగ్గించవు. గొట్టం తప్పయితే అసలు విలువ 52 కన్నా తక్కువే కదా!
అల్బుమిన్ మాట నిజమే, కానీ కథ అంతటితో అయిపోలేదు. సిరోసిస్‌లో జింక్ తగ్గుతుందన్నది 1956లో వ్యాలీ అనే శాస్త్రవేత్త బృందం చెప్పిన నాటి నుంచీ ఉన్న సంగతి. తిండి తగ్గుతుంది, పేగు సరిగా పీల్చుకోదు, మూత్రంలో ఎక్కువగా పోతుంది, దానికి ఆ నీటి మాత్రలు తోడు. జింక్ చాలకపోతే అమ్మోనియాను యూరియాగా మార్చే ఎంజైము మందగిస్తుందని ఎలుకల్లో చూశారు. ఆ అమ్మోనియా పేరుకుంటే మెదడు మందగిస్తుంది. 1984లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ప్రయోగంలో, కాలేయ జబ్బు వల్ల మెదడు మందగించిన 22 మందిలో జింక్ అసిటేట్‌తో పరీక్షల ఫలితాలు మెరుగుపడ్డాయి.

నీలిమూత:
గొట్టం విషయంలో మీదే పైచేయి, ఒప్పుకున్నాను. కానీ ఆ 1984 ప్రయోగం ఏడు రోజులది. 1991లో ఇటలీ వాళ్లు చేసి చూస్తే అటువంటి రోగుల్లోనే మార్పు కనిపించలేదు. ఆ సంగతి కూడా చెప్పాలిగా.

గోదారిగట్టు:
ఖనిజాలు కావాలంటే మాత్రలెందుకు? రాత్రి రాగి చెంబులో నీళ్లు పోసి పొద్దున్నే తాగించండి. మా ఇంట్లో అందరం అదే.

పథ్యం:
గోదారిగట్టు గారూ, మీ ఇంట్లో ఆరోగ్యవంతులు తాగితే తాగారు, సిరోసిస్ రోగికి మాత్రం వద్దు. ఒంట్లో మిగిలిన రాగి ఎక్కువగా పిత్తంతోనే, అంటే కాలేయం పేగులోకి వదిలే రసంతోనే, బయటికి పోతుంది. ఆ దారి మూసుకుపోయే జబ్బుల్లో కాలేయంలోనే పేరుకుంటుంది. ఇత్తడి గిన్నెల్లో కాచిన పాలకూ, మన దేశంలో పసిపిల్లలకు వచ్చిన సిరోసిస్‌కూ సంబంధం ఉందని 1980లలో గట్టిగా వాదించారు. మన పెద్దవాళ్లు ఇత్తడికి కళాయి పూయించనిదే చింతపండు పులుసు పెట్టేవారు కాదు, గుర్తుందా?
మాంగనీసుదీ పిత్తం దారే. అది మెదడులో చేరితే ఎంఆర్‌ఐలో లోపలి భాగం తెల్లగా మెరుస్తుంది. కాబట్టి అన్నీ కలిపిన బలం బిళ్ల కొనేముందు వెనక చిన్న అక్షరాలు చదవండి. మాంగనీసు, ఇనుము ఉంటే డాక్టరును అడగకుండా వేయకండి.
వార్డుడ్యూటీ గారు వదిలేసింది ఒకటుంది. ఒంట్లో రాగి పేరుకుపోయే విల్సన్ జబ్బులో, ఆ రాగిని పేగు పీల్చుకోకుండా ఆపడానికి జింక్ కూడా వాడతారు. అంటే నెలల తరబడి వేసుకుంటే రాగి పడిపోయి, రక్తం, తెల్లకణాలు తగ్గవచ్చు, నడక తూలవచ్చు. సిరోసిస్‌లో ప్లీహం వాచి ఆ కణాలు ముందే తక్కువగా ఉంటాయి, ఈ లోటు దాని చాటున దాక్కుంటుంది. "వేసి చూద్దాం, పోయేదేముంది" అనే మాట నాకు నచ్చనిది అందుకే.
జింక్ వేసేట్టయితే భోజనంతో వేయండి, వికారం తగ్గుతుంది. పడుకోబోయే ముందు చిన్న ఫలహారం పెట్టండి. ఉప్పు లోటుకు నిమ్మరసం, జీలకర్ర పొడి.

వార్డుడ్యూటీ:
గడువు లేకుండా ఇవ్వాలని నేనూ అనలేదు. మూడు నెలలు ఇచ్చి, జింక్‌తో పాటు రాగీ చూడాలి.

పెద్దకూతురు:
మొదటి డాక్టరు గారిని మళ్లీ కలిశాను. మూడు నెలలనే రాశారు, రాగి పరీక్ష అడిగితే కలిపారు. మాత్ర మధ్యాహ్నం అన్నంతో ఇస్తున్నాను, వికారం కాస్త నయం. నిమ్మకాయ పిండిన పప్పు నిన్న రెండోసారి వడ్డించమన్నారు. అది జింక్ గొప్పా, నిమ్మకాయ గొప్పా అని నన్ను అడగకండి. మా బాబాయి తెచ్చిన రాగి చెంబు పూజగదిలో పెట్టాను.

నీలిమూత:
ఈసారి రక్తం ఉదయం, పరగడుపున తీయించండి. మూత రంగు మీరే చూడండి.